టీవీల చెప్పిండ్రు, మరి మనం అడగొద్దా?

(మహిళా సంఘం సమావేశంలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



పొద్దంతా చేన్ల పని చేసి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లలకు తినబెట్టి ఇక్కడికి వచ్చిండ్రు. మీకు నిద్ర వస్తుందని నాకు తెలుసు. అందుకే మనకు అక్కరకు వచ్చే ముచ్చట్లే చెప్తాను.

ఈ రోజు టీవీ వార్తల గురించి మాట్లాడుకుందాం. వాన ఎప్పుడు పడుతుందో టీవీలో చెప్తారు. కొత్త రోగం వచ్చిందని చెప్తారు. ఫలానా మందు మంచిదని చెప్తారు. గ్రహణం వస్తే పొద్దటి నుంచి మాపటి దాకా అదే చెప్తారు. ఇవన్నీ సైన్సుకు సంబంధించిన ముచ్చట్లు.

సైన్సు అంటే ఏంది? పెద్ద మాట అని భయపడవద్దు. కళ్ళతో చూసి, పరీక్ష చేసి, లెక్క కట్టి, మళ్ళీ మళ్ళీ సరిచూసుకుని తెలుసుకునే పద్ధతే సైన్సు. పుస్తకాల్లో విజ్ఞాన శాస్త్రం అని రాస్తారు. అన్నం ఉడికిందా లేదా అని మనం మెతుకు పట్టి చూస్తాం కదా! అది కూడా పరీక్షే.

టీవీ వార్తల్లో సైన్సు ముచ్చట చెప్పేటప్పుడు ఒక పెద్దమనిషిని కూర్చోబెడతారు. ఆయన పేరు కింద 'నిపుణుడు' అని రాస్తారు. మీరు ఇప్పుడు అక్షరాలు నేర్చుకున్నారు. తెర మీద ఆ పేరు చదవగలరు. ఆ మాట కూడా చదవగలరు. అయితే చదవడంతోనే పని అయిపోదు. "ఈయన దేంట్ల నిపుణుడు? ఈయనకు ఎట్ల తెలుసు?" అని మనసులో అడగాలి.

చేతికి ఐదు వేళ్ళు ఉన్నాయి. మనం ఐదు ప్రశ్నలు నేర్చుకుందాం. ఒక్కో ముచ్చట నుంచి ఒక్కో ప్రశ్న వస్తుంది.

పాలమూరుకు టీవీ ఎట్ల వచ్చింది?

ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు వేరు జిల్లాలు. 2016 అక్టోబరుకు ముందు ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. మన పెద్దోళ్ళు పాలమూరు అనేది దాన్నే.

పాలమూరు పల్లెల్లోకి టీవీ 1975లోనే వచ్చింది. అప్పటికి పట్నంలో కూడా చాలామంది టీవీని చూసి ఎరుగరు. ఆ ఏడు ఆగస్టు 1న ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. మన దేశం అమెరికా వాళ్ళ ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుంది. ఉపగ్రహం అంటే మనిషి తయారు చేసి ఆకాశంలోకి పంపిన యంత్రం. ఆరు రాష్ట్రాల్లో 20 జిల్లాలను ఎంచుకున్నారు. వాటిలో సుమారు 2,400 ఊళ్ళల్లో టీవీలు పెట్టారు. ఆ జిల్లాల్లో మన పాలమూరు ఒకటి.

ఇనుప జాలితో చేసిన పది అడుగుల పెద్ద గొడుగు లాంటిది నిలబెట్టారు. ఊరంతటికీ ఒకటే టీవీ. పొద్దున బడి పిల్లలకు సైన్సు కార్యక్రమాలు వచ్చేవి. సాయంత్రం పెద్దలకు సేద్యం గురించి, ఆరోగ్యం గురించి చెప్పేవారు. ఆ ప్రయోగంలో ముందు నిలబడి పని చేసిన శాస్త్రవేత్తల్లో యశ్‌పాల్ ఒకరు. ఆ పేరు గుర్తు పెట్టుకోండి. ఇంకో ముచ్చటలో ఆయన మళ్ళీ వస్తారు.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, మన పల్లెలకు టీవీ వచ్చిందే నాలుగు మంచి మాటలు చెప్పడానికి. టీవీ చెడ్డది కాదు. అది కత్తిపీట లాంటిది. కూరగాయలు కోసి పెడుతుంది. చూసుకోకుంటే వేలు కోస్తుంది.

ఒకటే సూర్యుడు, రెండు గ్రహణాలు

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మీలో పెద్ద వయసు అమ్మలకు గుర్తుండవచ్చు. ఆ గ్రహణం నీడ మన పాలమూరు మీదుగానే పోయింది. పొద్దు తిరిగాక, పట్టపగలే సుమారు రెండు నిమిషాలు చీకటి పడింది.

దీపానికీ మన కంటికీ నడుమ చెయ్యి అడ్డం పెడితే దీపం కనబడదు. దీపం ఆరిపోలేదు. చెయ్యి అడ్డం వచ్చింది, అంతే. సూర్యగ్రహణం కూడా అంతే. సూర్యునికీ భూమికీ నడుమ చంద్రుడు అడ్డం వస్తాడు. ఆ నీడ మన మీద పడుతుంది.

ఆ నీడను చూడడానికి ఎక్కడెక్కడి నుంచో శాస్త్రవేత్తలు వచ్చారు. అమెరికా శాస్త్రవేత్తలు మన నాగర్‌కర్నూల్ దగ్గర పాలెంలో కెమెరాలు పెట్టారు. సూర్యుని చుట్టూ ఉండే తెల్లటి వెలుగును ఫోటోలు తీశారు. ఆ ఫోటోల కింద ఈ రోజుకూ పాలెం పేరు రాస్తారు. మరి మనోళ్ళు ఏం చేశారు? దేశమంతటా చాలామంది తలుపులు వేసుకుని ఇండ్లల్లో కూర్చున్నారు. వీధులు ఖాళీ అయ్యాయి. జనం బయటికి రాకుండా ఉండాలని ఆ మధ్యాహ్నం దూరదర్శన్ సినిమా వేసింది. సముద్రాలు దాటి వచ్చినోళ్ళు మన ఆకాశాన్ని చూశారు. మనం చూడలేదు.

తర్వాత పదిహేనేండ్లకు, 1995 అక్టోబరు 24న, ఉత్తర భారతం మీదుగా మళ్ళీ సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఈసారి దూరదర్శన్ సినిమా వేయలేదు. గ్రహణాన్నే నేరుగా చూపించింది. ఇందాక చెప్పిన యశ్‌పాల్ గారు టీవీలో కూర్చుని, ఏం జరుగుతుందో అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పారు. భయం లేదు, అయితే సూర్యుని వైపు ఉత్త కండ్లతో చూడవద్దని శాస్త్రవేత్తలు జాగ్రత్త చెప్పారు. ఎంతోమంది ఆ రోజు తలుపులు తీసి బయటికి వచ్చి, గ్రహణం అద్దాలతో చూశారు.

సూర్యుడు మారలేదు. చంద్రుడు మారలేదు. టీవీ ఎవరిని కూర్చోబెట్టింది, వాళ్ళు ఏం చెప్పారు అన్నదే మారింది. అందువల్ల జనం భయం కొంత తగ్గింది. నిపుణుడు సరైనవాడైతే ఇంత మేలు జరుగుతుంది.

కడుపుతో ఉన్న చెల్లె సంగతి

ఇప్పుడు వార్తల చానళ్ళు చాలా ఉన్నాయి. గ్రహణం నాడు చర్చ పెడతారు. తెర మీద నాలుగు పెట్టెలు కనబడతాయి. ఒక పెట్టెలో జ్యోతిష్యుడు ఉంటాడు. ఇంకో పెట్టెలో సైన్సు చెప్పే మనిషి ఉంటాడు. ఇద్దరినీ నిపుణులే అంటారు. ఇద్దరికీ సమానంగా సమయం ఇస్తారు. చూసేవాళ్ళకు ఇది న్యాయం లాగే అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. రెండు రెండ్లు నాలుగు అని ఒకరు అన్నారు. కాదు ఐదు అని ఇంకొకరు అన్నారు. అప్పుడు మనం నాలుగున్నర అని సర్దుకుంటామా?

గ్రహణం నాడు అందరికంటే ఎక్కువ కష్టం ఎవరికి? కడుపుతో ఉన్న ఆడపిల్లకు. కదలవద్దు అంటారు. కూరగాయలు కోయవద్దు అంటారు. అన్నం తినవద్దు, నీళ్ళు తాగవద్దు అంటారు. ఒంటికి పోవడానికి కూడా లేవనియ్యరు. గంటల తరబడి చీకటి గదిలో పండబెడతారు. ఎందుకంటే పుట్టే బిడ్డకు పెదవి చీలుతుందని భయం. ఆ జబ్బుకు మన భాషలో పేరే 'గ్రహణం మొర్రి'. పేరులోనే గ్రహణం ఉంది కాబట్టి భయం పోదు.

డాక్టర్లు ఏం చెప్తారో వినండి. కడుపులో బిడ్డ ముఖం మొదటి రెండు, మూడు నెలల్లోనే తయారవుతుంది. ముఖం భాగాలు రెండు పక్కల నుంచి వచ్చి నడుమ కలుస్తాయి. కలవకుంటే మొర్రి వస్తుంది. ఏడో నెలలో గ్రహణం వస్తే, అప్పటికే బిడ్డ పెదవులు తయారై ఉంటాయి. మరి గ్రహణం వాటిని ఎట్ల చీలుస్తుంది? కొందరికి వంశంలో ఉండి మొర్రి వస్తుంది. తల్లి పొగ తాగడం వల్ల, కొన్ని రకాల మందుల వల్ల కూడా వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మన దగ్గర గ్రహణమే కనబడని ఏడాదిలో కూడా మొర్రి పిల్లలు పుడతారు.

కడుపుతో ఉన్న తల్లిని ఆకలితో, దాహంతో గంటల తరబడి ఉంచితేనే కీడు. ఆమె నీరసపడుతుంది. మూత్రం ఆపుకుంటే నొప్పి, జబ్బు వస్తాయి. ఆమెకు కావలసింది వేళకు తిండి, నీళ్ళు, ఏఎన్ఎం అక్క ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు. ఎవరికైనా మొర్రి బిడ్డ పుట్టినా తల్లిని తిట్టవద్దు. "గ్రహణం నాడు నువ్వు కదిలినవ్" అని నింద వేయవద్దు. అది ఆమె తప్పు కాదు. ఆపరేషన్‌తో మొర్రి సరి అవుతుంది. ఆశా కార్యకర్తకు చెప్తే సర్కారు దవాఖానకు దారి చూపిస్తుంది.

గ్రహణం ఎప్పుడు పడుతుందో పంచాంగం చెప్పేవారిని అడగవచ్చు. కడుపులో బిడ్డ సంగతి మాత్రం కాన్పులు చేసే డాక్టరును అడగాలి. కమ్మరి కొలిమి దగ్గర కుండలు దొరకవు కదా!

ఇది మొదటి వేలు. మొదటి ప్రశ్న: ఈయన దేంట్ల నిపుణుడు?

రోకలి నిలబడ్డది!

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం వచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్ళల్లో ఆడవాళ్ళు పళ్ళెంలో నీళ్ళు పోసి, నడుమ రోకలి నిలబెట్టారు. రోకలి నిలబడ్డది. టీవీలో చూపించారు. గ్రహణం ఉన్నంతసేపే రోకలి నిలబడుతుందని, విడిస్తే పడిపోతుందని జనం చెప్పుకున్నారు.

అక్కలారా, రోకలి మన వస్తువు. మనం పట్టుకుని దంచే వస్తువు. రోకలి గురించి మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? రోకలి అడుగున ఇనుప పొన్ను ఉంటుంది. పొన్ను సమంగా ఉండి, నేల సమంగా ఉంటే, బరువు నడిమధ్యన పడేటట్టు మెల్లగా నిలబెట్టవచ్చు. బరువు పొన్ను దాటి పక్కకు పడితే రోకలి ఒరిగిపోతుంది. నెత్తి మీద బిందె పెట్టుకుని చేతులు వదిలి నడిచే అక్కకు ఈ సంగతి ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

మరి పరీక్ష ఎట్ల చేయాలి? గ్రహణం నాడు నిలబెడితే సగం పరీక్షే అయింది. గ్రహణం లేని రోజు కూడా నిలబెట్టి చూడాలి. అప్పుడు కూడా నిలబడితే గ్రహణానికీ రోకలికీ సంబంధం లేదని తేలుతుంది. మామూలు రోజుల్లో ఎవరూ ప్రయత్నం చేయరు. అందుకే గ్రహణం నాడే నిలబడుతుందని అనిపిస్తుంది. రేపు ఇంట్ల ఎవరైనా చేసి చూడండి. జర ఓపిక కావాలి, గంతే. ఈ పరీక్షకు డాక్టరు వద్దు, చదువు వద్దు. పళ్ళెం, రోకలి ఉంటే చాలు.

టీవీ వాళ్ళు గ్రహణం నాడు కెమెరా తీసుకుని వస్తారు. మామూలు రోజు రోకలి నిలబడితే వార్త కాదు కాబట్టి రారు. వింత ఉంటే వార్త. వింత పోతే వార్త లేదు.

ఇది రెండో వేలు. రెండో ప్రశ్న: పరీక్ష ఎట్ల చేసిండ్రు?

ఒక్కరికి తగ్గితే అందరికీ తగ్గుతుందా?

కరోనా కాలం మనం మరిచిపోలేం. 2021 మే నెలలో దవాఖానల్లో మంచాలు దొరకలేదు. అప్పుడు నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటు వైద్యుడు మందు ఇస్తున్నాడని టీవీలో వచ్చింది. మే 21న వేల మంది అక్కడ గుంపు కట్టారు. అంటురోగం కాలంలో అంత గుంపు! పంపిణీ ఆపేయవలసి వచ్చింది.

ఒక రిటైరైన హెడ్ మాస్టరు మాటలు టీవీలో మళ్ళీ మళ్ళీ చూపించారు. కంట్లో చుక్కలు వేయగానే తనకు బాగైందని ఆయన చెప్పారు. చూసినవాళ్ళు నమ్మారు. తర్వాత ఆయన ఆరోగ్యం పాడై దవాఖానలో చేరారు. ఆ నెల చివరనే చనిపోయారు. బాగైందన్నప్పుడు చూపించినన్ని సార్లు తర్వాతి సంగతి చూపించి ఉంటే, జనానికి రెండు పక్కలూ తెలిసేవి.

ఆయుర్వేద పరిశోధన సంస్థ వాళ్ళు ఆ మందును పరిశీలించారు. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా మందులకు అనుమతి ఇచ్చింది. ఆ మందులతో హాని లేదు అన్నది. కరోనా తగ్గుతుందనడానికి రుజువు మాత్రం లేదు అన్నది. ఇక్కడ జాగ్రత్తగా వినండి. 'హాని లేదు' అనేది ఒక మాట. 'రోగం తగ్గిస్తుంది' అనేది ఇంకో మాట. గంజి తాగితే హాని లేదు. అట్లని గంజితో విరిగిన కాలు అతకదు. హాని లేదు అన్న మాట విని చాలామంది నయమవుతుందనే అనుకున్నారు.

మందు పని చేస్తుందని ఎట్ల తెలుస్తుంది? గద్వాల పక్కన సీడు పత్తి పని చేసే అక్కలకు చెప్తే సులువుగా అర్థమవుతుంది. కొత్త విత్తనం మంచిదా కాదా ఎట్ల చూస్తాం? ఒక చెట్టుకు కాయలు బాగా కాస్తే సరిపోతుందా? ఆ చెట్టు పెంట కుప్ప పక్కన ఉండవచ్చు. ఒక మడిలో కొత్త విత్తనం, పక్క మడిలో పాత విత్తనం వేయాలి. అదే నేల, అవే నీళ్ళు, అదే ఎరువు ఉండాలి. తర్వాత కాయలు లెక్క పెట్టాలి. మందును కూడా అట్లనే పరీక్ష చేస్తారు. కొంతమందికి మందు ఇస్తారు. అటువంటి వాళ్ళకే ఇంకొంతమందికి ఆ మందు ఇవ్వరు. ఎంతమందికి తగ్గిందో రెండు పక్కలా లెక్క కడతారు. కరోనా వచ్చిన వాళ్ళల్లో ఎక్కువమందికి దానంతట అదే తగ్గింది. అందుకే ఒక్కరి మాట విని మందు పని చేసిందని చెప్పలేం.

ఇది నాటు మందుకే కాదు, ఇంగ్లీషు మందుకు కూడా ఇదే కొలత. సూటు వేసుకున్నోడు చెప్పినా, ధోవతి కట్టుకున్నోడు చెప్పినా లెక్క అడగాలి.

ఇది మూడో వేలు. మూడో ప్రశ్న: ఎంతమంది మీద చూసిండ్రు?

కొన్నూరు కోళ్ళు

2025 ఫిబ్రవరిలో వనపర్తి జిల్లా మదనాపురం మండలం కొన్నూరులో వేల కోళ్ళు చనిపోయాయి. అధికారులు నమూనాలు తీసి ల్యాబుకు పంపారు. నమూనా అంటే పరీక్ష కోసం తీసే కొంచెం భాగం. అవే రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి జిల్లాల కోళ్ళకు బర్డ్ ఫ్లూ ఉందని భోపాల్ ల్యాబు పరీక్షలో తేలింది. చికెన్ అమ్మకాలు పడిపోయాయి. బాగా ఉడికించి తింటే భయం లేదని పశువైద్యులు చెప్పారు. 70 డిగ్రీలకు మించి ఉడికితే ఆ వైరస్ చచ్చిపోతుంది. మన కూర తుకతుక ఉడికేటప్పుడు వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. జాగ్రత్త పడవలసింది కోళ్ళ దగ్గర పని చేసేవాళ్ళు, చచ్చిన కోళ్ళను ఎత్తేవాళ్ళు.

ల్యాబు పరీక్షకు సమయం పడుతుంది. ఒక్కోసారి ఒక రోజు, ఒక్కోసారి నాలుగైదు రోజులు. టీవీకి అంత ఓపిక లేదు. పొద్దున వార్త, మధ్యాహ్నం వార్త, రాత్రి వార్త ఉండాలి. నడుమ ప్రకటనలు రావాలి. ఎక్కువమంది చూస్తేనే ప్రకటనల పైసలు వస్తాయి. ఫలితం రాకముందే ఎవరినో ఫోన్లో పట్టుకుని "ఏమై ఉండవచ్చు?" అని అడుగుతారు. ఆయన "ఇది కావచ్చు, అది కావచ్చు" అంటాడు. ఆ 'కావచ్చు' తెర మీద చిన్నగా ఉంటుంది. రోగం పేరు మాత్రం ఎర్రటి పెద్ద అక్షరాలతో ఉంటుంది. గోరంత కొండంత అవుతుంది.

నిజం నిలకడ మీద తెలుస్తుంది అని మన పెద్దోళ్ళు అన్నారు. సైన్సుకు నిలకడ కావాలి. వార్తకు తొందర ఉంటుంది. ఈ తేడా మనం మనసులో పెట్టుకోవాలి. తెర మీద అక్షరాలు చదివేటప్పుడు 'అట', 'కావచ్చు', 'అనుమానం' అన్న మాటలను వెతకండి. చివరన ప్రశ్న గుర్తు ఉందేమో చూడండి. ప్రశ్న గుర్తు ఉందంటే, వాళ్ళకు కూడా ఇంకా తెలియదన్నట్టే.

ఇది నాలుగో వేలు. నాలుగో ప్రశ్న: పరీక్ష ఫలితం వచ్చిందా, ఇంకా అనుమానమేనా?

నల్లమల ముచ్చట

ఇప్పటి దాకా చెప్పిన వాటిల్లో సైన్సు ఒక పక్క, వట్టి నమ్మకం ఒక పక్క ఉన్నాయి. కొన్నిసార్లు రెండు పక్కలా చదువుకున్నోళ్ళే ఉంటారు. అప్పుడు ఏం చేయాలి?

నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ పులుల అడవి ఉంది. అక్కడ చెంచులు ఉంటారు. ఆ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం వెతకాలని కేంద్ర అణుశక్తి శాఖ కింది సంస్థ అడిగింది. యురేనియం అంటే కరెంటు తయారీకి, అణుబాంబుకు వాడే ఖనిజం. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. దాంతో పెద్ద ఆందోళన లేచింది. ఊళ్ళల్లో జనం, విద్యార్థులు, సినిమా వాళ్ళు కూడా నల్లమలను కాపాడాలన్నారు. టీవీల్లో రోజూ చర్చలు జరిగాయి. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ, యురేనియం తవ్వకం వద్దని తీర్మానం చేసింది.

ఆ చర్చల్లో వెతకడం వేరు, తవ్వడం వేరు అని ఒక వాదం ఉండేది. వెతకడానికి బోర్లు వేసినా అడవికి, నీళ్ళకు దెబ్బే అని ఇంకో వాదం ఉండేది. కృష్ణా నది పక్కనే ఉంది కాబట్టి నీళ్ళ భయం చిన్నది కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. దాని చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్ళు చెడిపోయాయని ఫిర్యాదు చేశారు. గని నడిపే సంస్థ ఆ మాట ఒప్పుకోలేదు.

ఇటువంటి చర్చ విన్నప్పుడు అడగాలి. ఈ నిపుణుడు ఎక్కడ పని చేస్తాడు? ఆయనకు జీతం ఎవరిస్తారు? ఈ పని జరిగితే లాభం ఎవరికి? నష్టం వస్తే ఎవరికి? జీతం తీసుకున్నంత మాత్రాన అబద్ధం చెప్తాడని కాదు. అయితే ఆ సంగతి తెలిసి వినాలి.

ఇంకో మాట కూడా అడగాలి. తెర మీద నాలుగు పెట్టెలు ఉన్నాయి. వాటిల్లో చెంచు ఆడపడుచు ఉందా? ఏ వాగులో ఎండాకాలం నీళ్ళు ఉంటాయో ఆమెకు తెలుసు. ఏ గడ్డ తినవచ్చో, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో ఆమెకు తెలుసు. నీళ్ళలో యురేనియం ఎంత ఉందో ఆమె చెప్పలేదు. దానికి ల్యాబు కావాలి. కానీ ఆ నీళ్ళు ఎవరు తాగుతున్నారో, ఎక్కడి నుంచి వస్తున్నాయో ల్యాబుకు తెలియదు. ఆమె చెప్పాలి. ఇద్దరి తెలివీ కలిస్తేనే పూర్తి నిజం తెలుస్తుంది.

ఇది ఐదో వేలు. ఐదో ప్రశ్న: ఎవరి పక్క మాట్లాడుతున్నడు? ఎవరి మాట వినబడుత లేదు?

పిడికిలి

అక్కలారా, ఐదు వేళ్ళు అయినయి. ఒక్కసారి మళ్ళీ చెప్పుకుందాం.

1. దేంట్ల నిపుణుడు?
2. పరీక్ష ఎట్ల చేసిండ్రు?
3. ఎంతమంది మీద చూసిండ్రు?
4. ఫలితం వచ్చిందా, అనుమానమేనా?
5. ఎవరి పక్క? ఎవరు లేరు?

ఐదు వేళ్ళు ముడిస్తే పిడికిలి. ఈ పిడికిలి ఎవరినీ కొట్టడానికి కాదు. మన చేతిలోది జారిపోకుండా పట్టుకోవడానికి.

కొందరు అంటారు, "చదువుకున్నోళ్ళు చెప్తుంటే మనం అడగడమేంది?" అని. మంచి డాక్టరు, మంచి శాస్త్రవేత్త అడిగితే కోపం చేయరు. తెలిసింది చెప్తారు. తెలియనిది తెలియదు అంటారు. అడిగితే కసిరేవాడి మాటనే ఇంకోసారి ఆలోచించాలి.

అన్నిటినీ కాదనడం కూడా తెలివి కాదు. టీకా గురించి, వడదెబ్బ గురించి, పిడుగుల గురించి టీవీలో మంచి మాటలు చెప్తారు. అవి విని ప్రాణాలు దక్కించుకున్నోళ్ళు ఉన్నారు. ఐదు ప్రశ్నలకు నిలబడిన మాటను గట్టిగా పట్టుకోవాలి. నిలబడని మాటను చాటలో చెరిగినట్టు చెరిగి, పొట్టును పారబోయాలి. చెరగడం మనకు కొత్త పని కాదు కదా!

వచ్చే సమావేశానికి అందరూ నోటుబుక్కు తీసుకుని రండి. ఈ వారం టీవీ వార్తల్లో విన్న ఒక్క సైన్సు ముచ్చట రాయండి. చెప్పినాయన పేరు రాయండి. పేరు కింద ఏమని రాసిండ్రో అది కూడా రాయండి. తప్పులు వస్తే భయపడవద్దు. అందరం కలిసి చదువుదాం, కలిసి అడుగుదాం.



చేసి చూద్దాం

సూర్యగ్రహణం నాడు ఇంట్లో జల్లెడ తీసుకోండి. ఎండలో పట్టుకుని నీడను నేల మీద పడనివ్వండి. సూర్యుని వైపు చూడవద్దు. నేల మీది నీడనే చూడండి. జల్లెడ రంధ్రాలు ఎన్ని ఉంటే అన్ని చిన్న చిన్న సూర్యులు నెలవంకల లాగ కనబడతారు. పిల్లలకు కూడా చూపించండి.

చర్చించుకుందాం

1. మీ ఊర్లో గ్రహణం నాడు కడుపుతో ఉన్నవాళ్ళను ఎట్ల ఉంచుతారు? అది మంచిదేనా?
2. 'హాని లేదు', 'నయం చేస్తుంది' అనే మాటలకు తేడా ఏమిటి?
3. టీవీలో విని మీరు కొన్న మందు గానీ, మానేసిన తిండి గానీ ఏదైనా ఉందా? అప్పుడు ఐదు ప్రశ్నల్లో ఏది అడిగి ఉండవలసింది?

కొత్త మాటలు

నిపుణుడు: ఒక పని గానీ విషయం గానీ బాగా తెలిసినవాడు
ఉపగ్రహం: మనిషి ఆకాశంలోకి పంపిన, భూమి చుట్టూ తిరిగే యంత్రం
నమూనా: పరీక్ష కోసం తీసిన కొంచెం భాగం
రుజువు: నిజమని చూపించే ఆధారం
ఖనిజం: భూమిలో దొరికే విలువైన రాయి, మన్ను
తీర్మానం: అందరూ కూడి చేసిన నిర్ణయం
సూత్రప్రాయంగా: పూర్తి అనుమతి ఇవ్వకుండా, ముందుగా సరే అనడం